పెద్ద వలయం

"ఇది అన్నం కుక్కరా, పురుగుల కుక్కరా?" ఆ రోజు కూడా అడిగింది మా అత్తయ్య.

నేను గిన్నెలు తోముతున్నాను. అన్నం కుక్కరుకి నల్ల పిడి. రెండోదాని పిడికి నేనే ఎర్ర టేపు చుట్టాను, అది వంటింటి గడప తొక్కదు. మా ఇంటి ముందు భాగమంతా మా ఆయన పళ్ళ క్లినిక్కు. దాని వెనక, ఒకప్పుడు పాత సామాన్లు పడేసిన చిన్న గదిలో ఆ రెండో కుక్కరు ఉంటుంది. అందులో నేను ఉడికించేది జెల్లీ. పళ్ళని పుచ్చిపోయేలా చేసే బాక్టీరియాని ఆ జెల్లీ మీద పెంచి, ఏ ఆకు సారానికి అది చస్తుందో చూడటం నా పని. ఈ సంగతి అత్తయ్యకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. అయినా ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి ముక్కు దగ్గరికి తీసుకెళ్తుంది. అదీ నా వంకే చూస్తూ.

"పురుగుల కుక్కరే అత్తయ్యా, మీకోసం ప్రత్యేకంగా వండాను," అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎర్ర టేపు కోసం పిడిని తిప్పి తిప్పి చూసి వెళ్ళిపోయింది. మా ఇంట్లో నన్ను నమ్మని మనిషి ఆవిడ ఒక్కతే అని ఆ రోజుల్లో నేను అనుకునేదాన్ని. మా ఆయన నమ్ముతారు అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, తిరగేసి అనుకున్నానన్నమాట.

నేను మైక్రోబయాలజీ చదివాను. పీహెచ్‌డీలో చేరి మధ్యలో మానేశాను. "తనకే ఇష్టం లేక మానేసిందండీ," అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. నిజానికి అప్పుడు అత్తయ్య తుంటి ఎముక విరిగింది, ఇంట్లో మనిషి కావాలి. "కొన్నాళ్ళే కదా," అన్నది ఆయనే. ఆ కొన్నాళ్ళు గడిచి ఆవిడ లేచి నడిచాక, ఎవరికీ నా చదువు గుర్తు రాలేదు. నేను గుర్తు చేస్తే "నువ్వే కదా విసుగ్గా ఉందన్నావు" అన్నారు. అన్నానా? ఏ పూటో అలసిపోయి అని ఉంటానా? ఆయన ఆ మాటని అంత నిబ్బరంగా, అంతమంది ముందు చెప్పేసరికి నాకే నా జ్ఞాపకం మీద అనుమానం వచ్చేది. చివరికి ఎవరైనా అడిగితే నేను కూడా "ఏమోనండీ, ఇష్టం పోయింది" అనడం మొదలుపెట్టాను.

అందుకే, మా పెరటి గోడ పక్కన తుప్పలా పెరిగే చేదాకుని పళ్ళ పేస్టులో వాడొచ్చేమో చూడమని ఆయన అడిగినప్పుడు నా ఆనందం ఇంతా అంతా కాదు. సామాన్ల గది నేనే కడిగాను, నేనే సున్నం వేసుకున్నాను. ఎవరో పారేసిన ఇంక్యుబేటరుని బాగుచేయించాను. జీతం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటి మనిషికి జీతమేమిటి? వంట చేసి, అత్తయ్యకి మందులిచ్చి, క్లినిక్కులో వాడిన పట్టకార్లూ అద్దాలూ ఉడకబెట్టి, పేషెంట్ల మెడకి కట్టే గుడ్డలు ఉతికి ఆరేసి, ఆ పైన మిగిలిన పొద్దులో నేను శాస్త్రవేత్తని. కానీ ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే ప్రాణం లేచి వచ్చేది.

పని చెప్పుకోవడానికి పెద్దదే గానీ, చూడటానికి ఆడపిల్లల బొమ్మలాటలా ఉంటుంది. ఆకుని నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, స్పిరిట్‌లో నానేసి, వడకట్టి చిక్కబరిస్తే సారం. అద్దుడు కాగితాన్ని ఆఫీసుల్లో కాగితాలకి చిల్లులు పొడిచే పంచుతో పొడిస్తే చిన్న చిన్న బిళ్ళలు. ఒక్కో బిళ్ళని సారంలో ముంచి, స్పిరిట్ అంతా ఎగిరిపోయేదాకా ఆరబెట్టి, బాక్టీరియా పులిమిన జెల్లీ మీద పెట్టాలి. ఆ ప్లేట్లని మూత ఉన్న గాజు జాడీలో పేర్చి, లోపల ఒక కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే, కాసేపటికి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోతుంది. ఆ కాస్త గాలిలోనే ఈ బాక్టీరియాకి సుఖం. జాడీని వెచ్చగా ఉంచితే మర్నాటికి జెల్లీ అంతా తెల్లటి పొర కడుతుంది. బిళ్ళలో పస ఉంటే దాని చుట్టూ పొర కట్టకుండా ఒక వలయం మిగులుతుంది. వలయం ఎంత పెద్దదైతే మందు అంత గట్టిదన్నమాట.

ప్రతి ప్లేటులో ఇంకో రెండు బిళ్ళలు కూడా పెడతాను. ఒకటి ఉత్త స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టింది, దాని చుట్టూ ఏమీ రాకూడదు. ఇంకోటి క్లినిక్కులో పన్ను పీకాక పుక్కిలించడానికి ఇచ్చే మందులో ముంచింది, దాని చుట్టూ పెద్ద వలయం రావాలి. ఈ రెండూ చెప్పినట్టు నడుచుకుంటేనే మధ్యలో ఉన్న ఆకు మాట నమ్మాలి. మా గైడు చెప్పిన మొదటి పాఠం అది. ముందు నిన్ను నువ్వు అనుమానించుకో అనేవారాయన.

నా ఆకుకి వలయం వచ్చింది. చిన్నది, అంచులు కాస్త మసకగా ఉన్నది. నాకది చాలు. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే వచ్చింది. ఒక తుప్ప మొక్క పంటి పుచ్చుని కొంచెమైనా ఆపుతోందంటే చిన్న విషయమా? పరిగెత్తుకెళ్ళి ఆయనకి చూపించాను. ఆయన ప్లేటుని వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచారు.

"ఇదా? ఇది చూపిస్తే పేస్టు కంపెనీవాళ్ళు నవ్వుతారు. నీ చేతిలో ఏదో తేడా ఉందోయ్. కూరలో ఉప్పే రోజుకో రకంగా వేస్తావు, సారం సరిగ్గా తీస్తావా?"

నేను నమ్మాను. అదీ విషయం. ఎన్నిసార్లు చేసినా ఒకేలా వచ్చిన ఫలితాన్ని పక్కనపెట్టి, కూరలో ఉప్పు గురించి ఆయన అన్న మాటని నమ్మాను. ఆ వారమంతా చేతులు తోలు ఊడేలా కడుక్కున్నాను.

తర్వాత ఆయనే ఒక సీసా తెచ్చారు. "అదే ఆకు, అదే స్పిరిట్. నేను తీశాను, ఇది పెట్టి చూడు," అన్నారు. పెట్టాను. మర్నాడు మూత తీస్తే వలయాలు వెలిగిపోతున్నాయి. నా వాటికి మూడింతలు. ఆయన నా భుజం తట్టి "చూశావా, చెయ్యి తేడా" అన్నారు. అత్తయ్యని పిలిచి చూపించారు. పేస్టు కంపెనీ నుంచి వచ్చిన ఆవిడకి కాఫీ నేను కలుపుతుంటే, ముందు గదిలో ఆయన గొంతు ఇల్లంతా వినిపించింది. ఆ కంపెనీ ఆవిడ మంచిది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి "రిపోర్టు మాకు మైక్రోబయాలజీ చదివినవాళ్ళ సంతకంతో కావాలండీ" అంది. నా నంబరు తీసుకుని, తనది నాకిచ్చింది. ఆయన నవ్వుతూ "ఏదున్నా నాకే ఫోన్ చెయ్యండి, ఆవిడ ఫోన్ ఎక్కడ పెట్టుకుంటుందో ఆవిడకే తెలీదు" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని చాలా మెత్తగా అన్నారు: "రిపోర్టు మీద నీ పేరే పెడదాం. నీ ఒక్కదాని పేరే."

నిజం చెబుతున్నాను, నా అనుమానం పెద్ద వలయం దగ్గర పుట్టలేదు, ఇక్కడ పుట్టింది. పళ్ళ సంరక్షణ మీద ఆయన పేరుతో అచ్చయిన కరపత్రాలన్నీ రాసింది నేను. సభల్లో ఆయన చదివిన ఉపన్యాసాలు నేను రాసిచ్చినవి. వాటిలో ఎక్కడా ఒక అక్షరం ముక్క నా పేరు లేదు. "నీదీ నాదీ అని ఏముంది మనలో?" అనేవారు. అలాంటి మనిషి ఇప్పుడు తన పేరు తీసేసి నా పేరు పెడతానంటున్నారు. నాకు ఒళ్ళు పులకరించాలి. పులకరించలేదు.

"మీరు ఎలా తీశారో ఒకసారి చూపిస్తారా? అందులో ఏమేం ఉన్నాయో రిపోర్టులో రాయాలి కదా," అన్నాను.

"చెప్పాను కదా, అదే ఆకు, అదే స్పిరిట్."

"మరి మీ సీసా బీరువాలో పెట్టి తాళం ఎందుకు వేస్తున్నారు?"

"నీకు అన్నీ అనుమానాలే!" అని లేచిపోయారు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఏ ప్రశ్న అడిగినా మా ఇంట్లో దొరికే జవాబు అదే. ఈ మాట వినగానే నేను తగ్గిపోతాను. ఛ, ఎందుకడిగానా అని నన్ను నేనే తిట్టుకుంటాను. అనుమానపు మనిషి అనిపించుకోవడం కంటే మోసపోవడమే మర్యాద అన్నట్టు పెరిగాం మేమంతా. కానీ ఈసారి తిట్టుకోవడం కుదరలేదు, ఎందుకంటే ప్లేటు నా కళ్ళ ముందే ఉంది. ఆయన సీసా వలయానికి అంచు కత్తిరించినట్టు నున్నగా ఉంది. నా ఆకు వలయం అంచు ఎప్పుడూ మసకే. అదే ప్లేటులో నున్నటి అంచు ఉన్న వలయం ఇంకొక్కటే ఉంది, అది పుక్కిలించే మందుది. రెండూ కవల పిల్లల్లా పక్కపక్కనే కూర్చున్నాయి. రంగు కలపని, గాఢత ఎక్కువున్న ఆ మందు క్యాను క్లినిక్కులో మూలనే ఉంటుంది. అచ్చం నీళ్ళలా ఉంటుంది. పచ్చటి సారంలో కలిపితే ఎవరికీ తెలీదు.

ఆ ఆలోచన వచ్చినందుకు నాకు నా మీదే అసహ్యం వేసింది. ఆ రోజు ఆయన ఇష్టపడే కూర వండాను. ఆయన కంచం ముందు కూర్చుని తింటుంటే, ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను. ఇంకేం చేసి ఉంటారు ఈ వేళ్ళతో? కనబడకుండా పోయి, ఆయన ఎక్కడ వెతకమంటే అక్కడే దొరికిన నా వస్తువులు గుర్తొచ్చాయి. అడ్రసు తప్పు రాశానేమో అని నేనే ఏడ్చిన, గైడుగారి నుంచి రాని జవాబు గుర్తొచ్చింది. ఆ ఉత్తరం పోస్టు చేస్తానని తీసుకెళ్ళింది మా ఆయనే. ఒకసారి అనుమానం పుట్టాక అది ఒక్క సీసాతో ఆగదు, కాపురం మొత్తాన్ని తవ్వుకుంటూ పోతుంది. ఆగాలంటే ఒకటే దారి. ఆ సీసాలో మందు ఉందో లేదో తేల్చుకోవాలి.

ఎలా తేల్చుకోవాలో ఆయనే చెప్పారు. మర్నాడు క్లినిక్కు వెనక పట్టకార్లు కడుగుతుంటే, గోడ అవతల ఎవరికో చెబుతున్నారు, రోజూ చెప్పేదే: "పేస్టుతో తోముకున్న వెంటనే ఈ మందు పుక్కిలించకండి. పేస్టు నురగ తగిలితే మందు చచ్చిపోతుంది. కాసేపు ఆగాలి."

నా చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. పేస్టు నురగ ఆ మందుని చంపుతుంది. ఆకు సారాన్ని ఏమీ చెయ్యకపోవచ్చు. ఆయన సీసాలోదాన్ని కాస్త నురగ నీళ్ళలో కలిపి పెడితే? ఆకు అయితే వలయం ఉంటుంది, మందు అయితే పోతుంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన అమ్మబోతున్నది పేస్టు! దొంగతనంగా కలిపిన మందు కూడా ఆ పేస్టులో పనిచెయ్యదు. ఆ సంగతి ఊరందరికీ చెప్పే మనిషికి అది గుర్తు రాలేదు. గుర్తొచ్చినా, జనం పళ్ళు ఏమైపోతే ఏమనుకున్నారో.

ఆయన పనిలో ఉండగా మొదలుపెట్టాను. పెద్ద సీసా బీరువాలో ఉన్నా, పరీక్షకని నాకు పోసిచ్చిన చిన్న సీసాలో అడుగున మిగిలింది చాలు నాకు. అన్నీ సిద్ధం చేశాక మాత్రం ఆగిపోయాను. ఫలితం ఏం రావాలో నాకు ముందే ఒక కోరిక ఉంది. మసక అంచుని నున్నగా, నున్నటి దాన్ని మసకగా చూడగలను నేను, అంత కోపంగా ఉన్నాను. నా కళ్ళని నేను నమ్మకూడదు. ఏ గిన్నెలో ఏముందో నాకు తెలియకుండా ఎవరైనా కలిపేయాలి. నా మీద బొత్తిగా నమ్మకం లేనివాళ్ళయితే మరీ మంచిది.

అత్తయ్యని పిలిచాను.

"నేనెందుకు? నాకేం తెలుసు?" అంది గుమ్మంలోనే నిలబడి.

"మీరు నన్ను నమ్మరు కాబట్టి అత్తయ్యా."

ఆవిడ తడబడింది. "నమ్మకపోవడమేంటి, ఏదో జాగ్రత్త..." అని సణుగుతూనే లోపలికొచ్చింది. చేయాల్సింది చెప్పాను. ఆరు చిన్న గిన్నెలు. నా సారం, సీసాలో సారం, ఆ రెండూ నురగ నీళ్ళు కలిపినవి, ఉత్త నురగ నీళ్ళు, ఉత్త స్పిరిట్. ఏది ఏదో ఆవిడకి చూపించి నేను బయటికి వెళ్తాను. ఆవిడ ఒక్కో గిన్నెలో బిళ్ళలు ముంచి ఆరబెట్టి, ఒక్కో పళ్ళెంలో వేసి, తనకి తోచిన గుర్తులు పెట్టాలి. నాకు చెప్పకూడదు.

"ఎవరి సీసా ఇది?" అంది.

"ఫలితం వచ్చాక చెబుతాను."

నేను తిరిగొచ్చేసరికి పళ్ళేల మీద బొమ్మలున్నాయి. చీపురు, దువ్వెన, చెప్పు, తాళంచెవి, గరిటె, ఇంకోటి పిల్లో ఎలుకో తెలీలేదు. "పిల్లి," అంది అత్తయ్య నొచ్చుకుంటూ. రాసిపెట్టుకుంటారా అని అడిగితే నా వంక జాలిగా చూసింది. పెళ్ళిలో ఎవరు ఏ గిన్నె చదివించారో ఇప్పటికీ చెప్పగల మనిషి ఆవిడ. ఆ బొమ్మలే ప్లేటు అడుగున గీసి, బిళ్ళల్ని బాక్టీరియా పులిమిన జెల్లీ మీద పెట్టి జాడీలో ఉంచాను.

మర్నాడు ఆయన క్లినిక్కులో ఉండగా ఇద్దరం జాడీ మూత తీశాం. నేను చూసి చెబుతున్నాను, ఆవిడ వింటోంది.

"చీపురు చుట్టూ చిన్న వలయం. మసక అంచు."

"నీ ఆకు."

"గరిటె కూడా అంతే."

"నీ ఆకే, నురగ కలిపింది."

"దువ్వెన ఏమీ లేదు. పిల్లీ ఏమీ లేదు."

"ఒకటి నురగ నీళ్ళు, ఒకటి స్పిరిట్."

"తాళంచెవి చాలా పెద్దది, నున్నటి అంచు." పక్క బిళ్ళ మీదికి వంగాను. "చెప్పు... చెప్పు చుట్టూ ఏదో గీతలా ఉంది. దాదాపు ఏమీ లేదత్తయ్యా."

"తాళంచెవి ఆ సీసాలోది. చెప్పు, అదే సీసాలోది నురగ కలిపి," అంది మెల్లగా. "అంటే ఏంటి?"

చెప్పాను. అది ఆకు కాదని, పుక్కిలించే మందని. సీసా ఎవరిదో చెప్పాను. అరుస్తుందనుకున్నాను. నా కొడుకు మీద నిందలా అంటుందనుకున్నాను. ముందు గదిలోకి పరిగెత్తి కొడుకుని పిలుచుకొస్తుందనుకుని, తలుపుకి అడ్డంగా కూడా నిలబడ్డాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని తన నోట్లోని పళ్ళ సెట్టుని నాలుకతో కదిపింది.

ఆ సెట్టు పెట్టించింది మా ఆయనే. నవ్వుతున్న అత్తయ్య ఫోటో క్లినిక్కు గోడ మీద, పేషెంట్ల కుర్చీకి ఎదురుగా పెద్దదిగా ఉంటుంది. "మా అమ్మకే పెట్టాను, మీకు భయమేంటి?" అంటారు అందరితో.

"కింది పళ్ళు కదల్లేదే నాకు," అంది అత్తయ్య. "ముందరివి. గట్టిగా ఉండేవి. అన్నీ పుచ్చాయి, అన్నీ తీసేయాలన్నాడు. నొప్పి లేదురా అంటే నీకేం తెలుసన్నాడు. అమ్మాయ్, అవి నిజంగా పుచ్చాయా?"

ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, ఇన్నేళ్ళలో మొదటిసారి నా మాట నమ్మడానికి సిద్ధంగా. అవునని ఒక్క మాట అంటే ఆవిడకి నిద్ర పడుతుంది. కాదంటే నా కసి తీరుతుంది.

"తెలీదత్తయ్యా," అన్నాను. "దానికి ఇప్పుడు పరీక్ష లేదు."

తల ఊపి లేచి వెళ్ళిపోయింది. అటునుంచి అటే క్లినిక్కులోకి వెళ్ళడం చూశాను. కొడుకుతో ఏదో మాట్లాడటం తలుపు అద్దంలోంచి కనిపించింది. చెప్పేస్తోందా? ఎంతైనా తల్లి కదా. ఇక ఆగితే లాభం లేదనిపించింది. నా గదిలోకి వెళ్ళి రిపోర్టు రాసుకున్నాను. ఏ వలయం ఎంతుందో అంతే, ఏ బిళ్ళ ఏమిటో అదే. నా చిన్న వలయాన్ని పెద్దది చేయలేదు, తక్కువ చేసుకోనూ లేదు. కింద సంతకం పెట్టి, ఫోటో తీసి, కంపెనీ ఆవిడకి పంపించేశాను. పంపించాక మిగిలింది భయమే. గెలిచినట్టేమీ అనిపించలేదు.

సాయంత్రం క్లినిక్కు మూసి ఆయన లోపలికొచ్చారు. అత్తయ్య ఏమీ చెప్పలేదని ఆయన మొహం చూడగానే తెలిసింది. హుషారుగా ఉన్నారు. టైపు చేయించిన రిపోర్టు బల్ల మీద పెట్టి, పెన్ను మూత తానే తీసి అందించారు.

"ఇదిగో మేడమ్, మీ పేరు. ఇక్కడ సంతకం."

"నా రిపోర్టు నేనే రాసుకున్నానండీ. మధ్యాహ్నమే వాళ్ళకి పంపించాను."

"ఏం రాశావు?"

"నా ఆకుకి చిన్న వలయం వస్తుందని. మీ సీసాలో ఉన్నది పుక్కిలించే మందని."

ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నీ మాట ఎవరు నమ్ముతారే? నీది అనుమానపు బుద్ధని ఇంట్లో అందరికీ తెలుసు. కావాలంటే అమ్మని అడుగు!"

అత్తయ్య గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. సెట్టు తీసేసి ఉంది, బుగ్గలు లోపలికి పోయి మనిషి గుర్తుపట్టలేనట్టుంది. కొడుకు ముందుకి ఆవిడ అలా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"గుర్తులు పెట్టింది నేనేరా," అంది, మాటలు తడబడుతూ.

ఆయన ఆవిడ వంక చూశారు. నా వంక చూశారు. కోప్పడతారనుకున్నాను, కానీ గొంతు తగ్గించారు. ఆ తగ్గిన గొంతు దగ్గరే నేను ఎప్పుడూ ఓడిపోయేది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి ఆయనకి, అవి నిజమైనవో కావో ఇక చెప్పలేను.

"ఇన్నేళ్ళు కాపురం చేసి, నన్నే అనుమానించావా?"

ఈ ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. ఛ, అవేం మాటలండీ అని, వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టడం. ఈసారి నేను కదల్లేదు. పెన్ను మూత పెట్టి ఆయనకి తిరిగి ఇచ్చాను.

"మొదట అనుమానించానండీ," అన్నాను. "తర్వాత పరీక్ష చేశాను."